కొసరు

"ఆ పాయింట్లు నాకు ఇప్పుడే ఎక్కాలి."

విమానాల కంపెనీ కౌంటర్ ముందు ఒకాయన పట్టిన పట్టు వదలడం లేదు.

ఆయన వెనకాల నిలబడ్డ కుట్టుపని ఆవిడకి కాళ్ళ కింద నిప్పులు పోసినట్టుగా ఉంది.

ఆమె సైనికుల యూనిఫారాలు కుట్టే షెడ్డులో మిషన్ తొక్కుతుంది. ఒక్కగానొక్క కొడుకు సైన్యంలోనే చేరాడు. ట్రైనింగులో లారీ బోల్తాపడి వాడి కాలు నుజ్జయింది. రేపే ఆపరేషన్. కాలు దక్కుతుందో లేదో డాక్టర్లూ చెప్పలేకపోతున్నారు.

"మత్తు ఇచ్చే ముందు మా అమ్మని ఒక్కసారి చూడాలి" అన్నాడట.

రైల్లో వెళ్తే సమయానికి చేరుకోవడం కుదరదు. ఏం చేయాలో తోచక ఏడుస్తుంటే కొడుకు యూనిట్ హవల్దారు ఫోన్ చేశాడు.

"మీకు విమానం టికెట్ ఏర్పాటవుతోందమ్మా. తిన్నగా ఎయిర్‌పోర్టుకి వెళ్ళి కౌంటర్‌లో మీ పేరు చెప్పండి."

"సర్కారు చల్లగా ఉండాలి" అని అప్పట్నించీ ఎన్నిసార్లు అనుకుందో. దింపిన ఆటో అతనికీ, బ్యాగు అందుకున్న వాచ్‌మన్‌కీ, దారి చూపిన తుడిచే అమ్మాయికీ దణ్ణాలు పెట్టుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది.

తీరా వస్తే ముందు ఈయన!

"పోయిన నెల ప్రయాణం పాయింట్లు హెడ్డాఫీసు నుంచి రావాలి సార్" అంది కౌంటర్ అమ్మాయి. "అయినా అది మిలిటరీ డ్యూటీ టికెట్ కదా?"

"డ్యూటీ టికెట్టే. గవర్నమెంటు కొన్నదే. పాయింట్లు మాత్రం ప్రయాణం చేసినవాడి పేరు మీదే పడతాయి. ఫోన్ చేసి ఎక్కించండి. నేను కదలను."

ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"పాయింట్లంటే ఏంటి బాబూ?"

ఆయన వెనక్కి తిరిగాడు. నెరిసిన జుట్టు, నలిగిన చొక్కా, భుజాన బరువైన సంచీ.

"టికెట్లు కొన్నందుకు కంపెనీవాళ్ళిచ్చే బహుమతమ్మా. కొన్ని పోగైతే ఇంకో టికెట్ ఊరికే ఇస్తారు."

"అంటే కూరగాయల బండివాడు కొసరు వేసినట్టా?"

"అచ్చం అంతే."

"కూరలు కొన్నది సర్కారు, కొసరు మీ సంచిలోకా?"

క్యూలో వాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు.

"తీసుకోవచ్చని రూలుందమ్మా."

"రూలుంటే సరా? మేం కుట్టే గుడ్డ కూడా సర్కారుదే. జానెడు ముక్క మిగిలినా తిరిగిచ్చేస్తాం. నా కొడుకు నిక్కరు చిరిగినప్పుడు కూడా అందులోంచి ఒక్క అతుకు వేయలేదు నేను."

"మీ ముక్కలు తీసుకునేవాళ్ళు ఉన్నారమ్మా. నావి తీసుకోండి మహాప్రభో అని ఎన్ని ఆఫీసులు తిరిగినా, పుచ్చుకునే కిటికీ ఒక్కటీ దొరకలేదు."

"అందుకని మింగేయడమేనా? దెబ్బలు తగిలి నా బిడ్డ మిలిటరీ ఆసుపత్రిలో పడున్నాడు. సర్కారు టికెట్ ఇచ్చి నన్ను వాడి దగ్గరికి పంపిస్తోంది. మీలాంటివాళ్ళు జలగల్లా పట్టి పీలిస్తే రేపు ఇంకో తల్లికి ఏం మిగులుతుంది?"

నవ్వులు ఆగిపోయాయి.

"మీ అబ్బాయికి ఏమైందమ్మా?"

"కాలు. రేపే ఆపరేషన్."

ఆయన చటుక్కున కౌంటర్ వైపు తిరిగి గొంతు పెంచాడు.

"హెడ్డాఫీసుకి మళ్ళీ కలపండమ్మాయ్. త్వరగా!"

ఇంత గడ్డి పెట్టినా చీమ కుట్టినట్టయినా లేదు అనుకుందావిడ.

ఎట్టకేలకు పాయింట్లు ఎక్కాయి. ఆయన కౌంటర్ మీదికి వంగి ఏదో మెల్లగా చెప్పాడు. ఆ అమ్మాయి తలెత్తి కుట్టుపని ఆవిడ వంక చూసింది. వద్దన్నట్టు తలూపి ఆయన పక్కకి జరిగాడు.

"వెళ్ళండమ్మా, మీ వంతే."

ఆవిడ ముఖం తిప్పుకుంది.

టికెట్ చేతికి రాగానే కళ్ళకద్దుకుంది.

చీకటి పడకముందే కొడుకు మంచం పక్కన కూర్చుంది. ఇంత పొడుగు మీసాలవాడూ చిన్నపిల్లాడిలా ఆమె వేలు పట్టుకుని నిద్రపోయాడు. మర్నాడు డాక్టరు బయటికొచ్చి, "కాలు నిలిచిందమ్మా, కర్ర సాయంతో నడుస్తాడు" అనేసరికి ఆవిడకి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. డాక్టరుకి పెట్టింది, నర్సుకి పెట్టింది, మంచం తోసుకొచ్చిన అతనికీ పెట్టింది.

వరండాలో హవల్దారు టీ తెచ్చి ఇచ్చాడు.

"మీ సర్కారు రుణం ఈ జన్మకి తీర్చుకోలేను నాయనా."

"సర్కారు టికెట్ కాదమ్మా అది. ఆ కాగితాలు కదిలేసరికి మీవాడు నడుచుకుంటూ ఇంటికొచ్చేసేవాడు."

"మరి ఎవరిచ్చారు?"

"మా మేజరు గారు. ఇలా ఎంతమందిని తెప్పించారో. తన పేరు మాత్రం ఎక్కడా రానివ్వరు."

"ఒక్కసారి చూపించు బాబూ. ఆ మహానుభావుడి కాళ్ళకి మొక్కుతాను."

"సెలవులో ఉన్నారు, నిన్ననే అట్నించి అటే సరిహద్దు పోస్టుకి బదిలీ మీద వెళ్ళిపోయారమ్మా. అక్కడ ఫోన్లు కూడా కలవవు."

ఆవిడ కళ్ళొత్తుకుంది. "కనీసం నా మాట అయినా చేరే దారి లేదా?"

"ఆయన మాటే మీకు చేర్చాల్సింది ఒకటుంది. విమానం ఎక్కబోతూ ఫోన్ చేసి చెప్పారు. నాకైతే తలా తోకా తెలియలేదు."

హవల్దారు టీ గ్లాసు పక్కన పెట్టాడు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"'కౌంటర్ దగ్గర నా వెనక నిలబడి నన్ను తిట్టిన తల్లికి నా బదులు దణ్ణం పెట్టు' అన్నారమ్మా."