చివరి ట్రోఫీ

పగలంతా లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి వచ్చిన అమ్మ, కూతురి పక్కన కూలబడి కంట్రోలర్ అందుకుంది. ఆ వీడియో గేమ్‌లో ట్రోఫీలన్నీ కూతురు ఒక్కతే గెలిచింది. ఇద్దరూ కలిసి వంతెన దాటితేనే వచ్చే చివరిది మాత్రం నెల రోజులుగా చిక్కడం లేదు. రోజూ సగంలో కూతురే కిందపడేది.

ఈ రోజు ఒక్క ఊపున దాటేశారు. తెర మీద ట్రోఫీ మెరిసింది.

"అమ్మయ్య, పీడా వదిలింది! రేపట్నుంచి రాగానే పడుకోవచ్చు," అంది అమ్మ.

కూతురు కంట్రోలర్ పక్కన పెట్టి తల దించుకుంది.

"గెలిచి ఆ మొహం ఏంటే?"

"ఇన్నాళ్లూ కావాలనే పడ్డానమ్మా. నువ్వు నా పక్కన కూర్చునేది అప్పుడే కదా. ఇవాళ నీ కళ్లు మూతలు పడుతుంటే చూడలేకపోయా."

అమ్మ లేవబోయి ఆగిపోయింది. కూతురి ఒడిలో తల పెట్టి కళ్లు మూసుకుంది.

"కొత్త గేమ్ మొదలుపెట్టు. నేనిక్కడే ఉంటా."