మట్టలిచ్చిన తోట

“ఆ బక్కెట్ తీసెయ్ బంగార్రాజూ! దాని వాసనకే ఊళ్లో పురుగంతా నా తోట మీద పడుతోంది,” అని అరిచాడు యేసుదాసు.

గట్టుకు అవతల బంగార్రాజు తన కొబ్బరిచెట్టుకు కట్టిన ఎర బక్కెట్ అది. కొబ్బరిచెట్లను లోపల తొలిచేసే ఎర్రముక్కు పురుగులు వాసన పట్టుకుని వచ్చి అందులో పడి చస్తాయి.

“చంపడానికి పెట్టాను గానీ, పిలిచి భోజనం పెట్టడానికి కాదు మావయ్యా.”

“వచ్చినవన్నీ నీ బక్కెట్లోనే పడతాయా? దారిలో బావ చెట్లు లేవూ?” అన్నాడు యేసుదాసు పక్కనే ఉన్న ఫిలిప్.

ఫిలిప్‌ది చల్లపల్లిలో కొబ్బరికాయల వ్యాపారం. ఊళ్లో పెద్ద తోట ఉంది. చర్చిలో పెద్ద. మాట కూడా తూకం వేసి అంటాడు. ఆయన్ని కాదనలేక బంగార్రాజు బక్కెట్ విప్పుకుపోయాడు. ఆ రోజు నుంచి యేసుదాసుతో మాటలు లేవు.

అయినా చెట్లు చస్తూనే ఉన్నాయి. ముందు నడినెత్తిన లేత ఆకుల మొవ్వు వాలిపోతుంది. తర్వాత తలే విరిగి పడుతుంది. దివిసీమలో ఆ ఎకరం తోటే యేసుదాసుకు తిండి. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చినా, ఎందరు అడిగినా అమ్మలేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారానికి మాత్రం ఎప్పుడూ లోటు చెయ్యలేదు. ఊరేగింపులో అందరి చేతుల్లో ఏటా ఆయన తోట మట్టలే. కోసే మనిషి కూలి ఫిలిప్ ఇచ్చేవాడు.

“మిగిలిన నాలుగు చెట్లకీ కత్తి పెట్టాలా అండీ?” అంది యేసుదాసు భార్య భాగ్యమ్మ ఒకసారి ఫిలిప్‌తో.

“దేవుడి పనికి పిసినారితనం ఏంటి చెల్లెమ్మా!” అని నవ్వాడు ఫిలిప్.

చివరికి అమ్మక తప్పలేదు. చచ్చిన తోటకు వచ్చే ధరే వచ్చింది. కొన్నది ఫిలిప్.

“బయటివాడి పాలు కాకూడదని తీసుకున్నాను బావా.”

యేసుదాసు కళ్లు తుడుచుకుని వందనాలు చెప్పాడు. వేసవిలో అక్కడ చెరువు తవ్వారు.

మరుసటి ఏడు మట్టల ఆదివారం వచ్చింది. చర్చికి మట్టలు లేవు. అలవాటు కొద్దీ యేసుదాసే కత్తి పట్టుకుని ఫిలిప్ తోటలోకి నడిచాడు. దేవుడి పనేగా, అడగడమెందుకు అనుకున్నాడు. చేతికందే పొట్టి చెట్టు ఒకటి చూసుకుని కత్తి ఎత్తాడు.

ఫిలిప్ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

“పచ్చి మట్ట కొయ్యకు బావా, ఆ గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వచ్చేది!”