సున్నా డిగ్రీల కోటు

“ఊపిరి బిగబట్టకు తల్లీ, మామూలుగా నిలబడు,” అన్నాడు కోటు మాస్టారు, కూతురి భుజాల మీద టేపు పరుస్తూ.

ఆయన అంకెలు పైకి చదువుతుంటే గుమ్మంలో కూర్చున్న భార్య చీటీ మీద రాసుకుంటోంది. నాలుగు నెలల తరువాత ఇవాళే టేపు మళ్లీ మాస్టారి మెడ ఎక్కింది. వీధి చివర రెడీమేడ్ దుకాణం తెరిచాక కోటు కుట్టించుకునేవాడే కరువయ్యాడు. ఆయన కత్తెరకు గుడ్డ చుట్టి బీరువా మీద పడేశాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. పొద్దస్తమానం గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బతిమాలినా కసిరినా లేచేవాడు కాదు. మనిషి ఇక ఇలాగే అయిపోతాడేమోనని తల్లీకూతుళ్లు హడలిపోయారు.

అలాంటి మనిషిని లేపి కూర్చోబెట్టింది కూతురి బదిలీ ఉత్తర్వు. ఆమెది వాతావరణ శాఖలో ఉద్యోగం. సముద్రం నడుమ ఏదో ద్వీపంలో ఏడాది ఉండాలట. ఉత్తర్వు నిండా నోరు తిరగని మాటలే. మాస్టారికి అందులో అర్థమైంది ఒక్కటే, సున్నా డిగ్రీలు.

“నీళ్లు గడ్డకట్టే చలి. అసలే దీనికి పడిశం పట్టిందంటే నెల దాకా వదలదు,” అంటూ ఆయన మంచం దిగాడు. కూతురు నోరు తెరిచి, ఆయన చేతిలోకొచ్చిన కత్తెర చూసి, మళ్లీ మూసుకుంది.

ఎన్నాళ్ల నుంచో దాచుకున్న దళసరి ఉన్ని గుడ్డ బయటికి వచ్చింది. దాని మీద సుద్దతో గీస్తూ గీస్తూ మాస్టారికి సందేహం వచ్చింది. అందరికీ ఒకే సూర్యుడు కదా, ఒకచోట అంత చలి, ఇంకోచోట అంత ఎండా ఎందుకుంటాయని అడిగాడు.

కూతురు ఆయన సూదులు గుచ్చుకునే గుండ్రటి నల్ల దిండు అందుకుని, టార్చి వేసింది. దాని నడుము మీదికి తిన్నగా వేస్తే వెలుగు చిన్న బిళ్లలా చిక్కగా పడింది. కొస మీదికి వేస్తే ఏటవాలుగా జారి పలచబడింది.

“అదే ఎండ నాన్నా. ఇక్కడ జానెడు గుడ్డకు సరిపడేది అక్కడ మూరెడు గుడ్డకు సర్దాలి. అందుకే చలి.”

సుద్ద తీసుకుని దిండు మీద గీతలు కూడా గీసి చూపించింది. నడుము చుట్టూ ఉన్నది భూమధ్యరేఖ. కొలత అక్కడే మొదలై పైకీ కిందికీ తొంభై దాకా పోతుంది. ఇరవై మూడున్నర దగ్గర ఒక గీత, అరవై ఆరున్నర దగ్గర ఇంకోటి, పైనా కిందా అంతే. నడుము పట్టీ అంతా ఉష్ణమండలం, రెండు కొసలూ శీతల మండలాలు, వాటి మధ్యన మిగిలినవి సమశీతోష్ణ మండలాలు. భూమికి కూడా నడుము దగ్గరే కొలత మొదలంటే మాస్టారికి భలే ముచ్చటేసింది.

“మరి నువ్వు వెళ్లేది ఎక్కడికి?”

“గీత మీదికే నాన్నా. అటూ ఇటూ కూడా కాదు.”

మాస్టారు అన్నిటికంటే పై గీత మీద ఎర్రతల గుండుసూది గుచ్చి, అయితే దూది ఇంకో పొర వేయాల్సిందేనన్నాడు. కూతురు నవ్వి దూది అందించింది.

పెట్టె సర్దుతుంటే తల్లికి అన్నీ పలచటి నూలు బట్టలే కనిపించాయి.

“ఉన్నిది ఒక్కటీ పెట్టుకోలేదేమే?”

“కోటుందిగా అమ్మా. లోపలికి ఇవే హాయి.”

తల్లి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, పెట్టె మూత వేసేసింది.

కోటు పూర్తయ్యి గుమ్మానికి వేలాడింది. దారిన పోయే వకీలు ఆగి, కాజాలు తడిమి చూసి, తనకూ ఒకటి కుట్టమన్నాడు. మర్నాడు ఆయన జూనియర్లు ఇద్దరు వచ్చారు. ఆ వారంలోనే ఒక హోటలు మేనేజరు తన మనుషులు పదకొండు మందినీ వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారు మళ్లీ రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. గుండీల డబ్బా కనబడలేదని భార్యను తిడుతున్నాడు. ఆ తిట్లు వింటుంటే ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టుంది.

ప్రయాణం రోజున కూతురు మెడ దాకా గుండీలు పెట్టుకుని బస్సెక్కింది. కిటికీలోంచి చేయి పెట్టి ఆమె నుదుటి చెమట తుడుస్తూ మాస్టారు మురిసిపోయాడు.

“కోటు ఇక్కడే ఇంత వెచ్చగా ఉందంటే, అక్కడ నీకు ఢోకా లేదు.”

“వేళకు తిను నాన్నా.”

“తినడానికి తీరికేదీ? చేతిలో పద్నాలుగు కోట్లున్నాయి.”

కండక్టరు వెనక్కి తిరిగి మాస్టారిని ఎగాదిగా చూశాడు. మాస్టారు అదేమీ పట్టించుకోకుండా, గుర్తుగా ఉంచుకోమని సూదుల దిండు కూతురి చేతిలో పెట్టాడు.

బస్సు మలుపు తిరిగింది. నాన్న కనబడకుండా పోయాక ఆమె కోటు విప్పి, నలగకుండా మడిచి ఒళ్లో పెట్టుకుంది. తరువాత దిండు చేతిలోకి తీసుకుంది.

ఎర్రతల గుండుసూదిని పై గీత మీంచి పీకి, నడుము మీద, సున్నా డిగ్రీల దగ్గర గుచ్చింది.