కార్డు మీది నంబరు

ప్రోగ్రామర్ మీట నొక్కగానే ప్రెస్సులోని పదిహేడు కంప్యూటర్ల నెట్‌వర్క్ కార్డుల నంబర్లు బిలబిలమంటూ తెర మీదికొచ్చాయి. ఒక నంబరు దగ్గర యజమాని వేలు ఆగింది.

యజమానిని దుమ్మెత్తిపోస్తూ నెల కిందట ఖాతాదార్లందరికీ పేరులేని మెయిల్ ఒకటి వెళ్లింది. ఆయన్ని నోటితో తిట్టుకోనివాళ్లు ప్రెస్సులో లేరు. రాసి పంపింది మాత్రం ఒక్కరే. ఏ కార్డు నుంచి వెళ్లిందో రౌటర్ రాసిపెట్టుకుంది. కార్డుకు ఫ్యాక్టరీలోనే పడే నంబరది, ఇంకోదానికి ఉండదు. ఆ కార్డు ఎవరి దగ్గరుందో ప్రోగ్రాం రాసి పట్టుకోమనీ, దొరికినవాళ్లను ఆ రోజే పంపించేస్తాననీ అన్నాడు యజమాని.

దొరికింది ప్రూఫ్‌రీడరక్క.

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు చూశాను సార్," అన్నాడు ప్రోగ్రామర్, నేలచూపులు చూస్తూ.

పద్నాలుగేళ్లుగా ఆమె అక్కడ అక్షరాలు దిద్దుతోంది. ప్రోగ్రామర్‌ని సొంత తమ్ముడిలా చూసుకుంది. అతని సెలవుచీటీని కూడా వదిలేది కాదు. ప్రతిసారీ అదే తప్పంటూ, ఎర్రపెన్నుతో సున్నా చుట్టి నవ్వుతూ చేతిలో పెట్టేది. పోయినవారం నెట్ రావడంలేదంటే అతను తన కంప్యూటర్లోని కార్డు తీసి ఆమెకు పెట్టాడు. ఆ సంగతి ఆమె ఆఫీసంతా చెప్పుకుని మురిసిపోయింది. అలాంటి మనిషిని పట్టిచ్చినందుకు అతనికి తల కొట్టేసినట్టుంది. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

యజమాని పిలిపించి, మెయిల్ కాగితం ఆమె ముందు పడేశాడు.

"నా కంప్యూటరేనా తమ్ముడూ?" అని అడిగింది.

"మీదేనక్కా," అన్నాడు ప్రోగ్రామర్.

ఆమె కాగితం చదవసాగింది. చెయ్యి దానంతటదే ఎర్రపెన్ను మూత తీసింది. సగంలో ఆగి, తలెత్తి ఒక్కసారి అతనివైపు చూసింది. అతను గోడ గడియారం వైపు చూశాడు.

"ఏమన్నా చెప్పుకుంటావా అమ్మా?" అన్నాడు యజమాని, కాస్త మెత్తబడి.

"లేదండీ. రేపటి నుంచి రాను."

కాగితం చేత్తో పట్టుకునే బయటికి వెళ్లింది. ఆమె కళ్లద్దాల పెట్టె, నిఘంటువు సంచిలో సర్దుకుని మెట్లు దిగేదాకా ప్రోగ్రామర్ సర్వర్ గదిలోనే దాక్కున్నాడు. చాటుగా ఉన్నా చెంపలు మండుతూనే ఉన్నాయి.

తర్వాత దొంగలా తన సీటు దగ్గరికొచ్చాడు. కీబోర్డు మీద ఆ మెయిల్ కాగితం మడతపెట్టి ఉంది. విప్పాడు. కాగితం మొత్తంలో ఒకే ఒక్క ఎర్ర సున్నా.

పక్కన, ఆమె గుండ్రటి చేతిరాతలో: "ఎన్నిసార్లు చెప్పాను తమ్ముడూ, 'వళ్ళ' కాదు, 'వల్ల' అని."