డబ్బా చదివిన సవరణ

మందుల నిబంధనలు గుట్టుచప్పుడు కాకుండా మార్చడానికి వీల్లేదని ఎమ్మెల్యే వకుళ అసెంబ్లీలో ఏళ్ల తరబడి పోట్లాడి గెలిచింది. అప్పటినుంచి ఏ నిబంధన మారబోతున్నా, ఇంటింటి మాత్రల డబ్బా ముందుగా దాన్ని పైకి చదువుతుంది. విన్నవాళ్లు "అర్థమైంది" అంటేనే మూత తెరుచుకుంటుంది.

ఆ ఉదయం వకుళ అత్తగారైన కనకరత్నం వాడే బీపీ మాత్రల డబ్బా చదవడం మొదలుపెట్టింది. "నాణ్యతా ధ్రువీకరణ బాధ్యతను ఉత్పత్తిదారునకు దఖలుపరచు సవరణ..."

అసెంబ్లీకి బయల్దేరే తొందరలో వకుళ "అర్థమైంది" అనేసింది. మూత తెరుచుకుంది.

"ఏమర్థమైందమ్మా నీకు?" అంది అత్తగారు ఇడ్లీ తుంచుతూ.

వకుళ గుమ్మం దగ్గర ఆగి వెనక్కొచ్చింది.

కనకరత్నం మూత మళ్లీ మూసేసింది. "నాకర్థం కాలేదు. మనం మాట్లాడుకునే తెలుగులో చెప్పు" అంది డబ్బాతో.

"మాత్ర మంచిదో కాదో ఇకమీదట దాన్ని చేసిన కంపెనీయే చెబుతుందండీ. బయటివాళ్లెవరూ చూడరు" అంది డబ్బా.

"అంటే నా వంటకి నేనే మార్కులేసుకోవడం" అంది కనకరత్నం.

అసెంబ్లీలో మంత్రి అదే సవరణను గడగడా చదివి, "సభ్యులందరికీ అర్థమైంది కదా" అన్నారు. బల్లలు చరచడానికి చేతులు లేస్తుండగా వకుళ నవ్వుతూ లేచి నిలబడింది.

"మా అత్తగారికి అర్థమైంది అధ్యక్షా. అందుకే వద్దంటున్నారు."