అరవై మూడో అర్థం

“కొట్టెయ్యండి,” అన్నారు లారిమర్.

ఇసబెల్ ఫ్లెట్ కలం ముట్టుకోలేదు.

ఎడిన్‌బరోలో ఆ మూడంతస్తుల మేడ మీద పదకొండేళ్ళుగా ఒక ఇంగ్లీషు నిఘంటువు తయారవుతోంది. ‘ఏ’ అక్షరంతో మొదలైన పని నత్తలా పాకి ‘హెచ్’ దాకా వచ్చింది. ఆ నెలంతా అందరి బల్లల మీదా ఒకటే మాట, ‘హ్యాండ్’. చెయ్యి అని చెప్పి ఊరుకుంటే పోయేది. కాని జనం ఆ మాట చేత చేయించని చాకిరీ లేదు. గడియారం ముల్లు హ్యాండే. పేకాటలో పంచిన ముక్కలు హ్యాండే. దస్తూరీ హ్యాండే. పనిలో పెట్టుకున్న కూలీ హ్యాండే. గుర్రం ఎత్తు కొలిచేదీ హ్యాండ్‌తోనే. ఏరగా ఏరగా అరవై రెండు అర్థాలు తేలాయి.

అరవై మూడోది లారిమర్ కింద పనిచేసే ఇసబెల్ రాసింది. ఉత్తరాది రేవుల్లో హెర్రింగ్ చేపలు కోసి ఉప్పువేసే ఆడవాళ్ళు ముగ్గురేసి జట్టు కడతారు. ఇద్దరు పొట్టలు చీలుస్తారు, ఒకరు పీపాలో పేరుస్తారు. ఆ ముగ్గురినీ కలిపి ‘ఒక హ్యాండ్’ అంటారు.

“మా అమ్మ అనేది సార్. నా చెవులతో విన్నాను.”

లారిమర్ అక్కడ ప్రధాన సంపాదకుడు. మంచి మనిషే, కాని నియమం దగ్గర మాత్రం దేవుడు దిగొచ్చినా వినరు. అచ్చులో పడ్డ వాక్యం తేదీతో సహా చూపిస్తే తప్ప ఏ అర్థమూ నిఘంటువు గడప తొక్కదు. చెవులతో విన్నది ఆయన దృష్టిలో గాలికబురు.

“గడియారానికి చోటుంది. గుర్రానికి చోటుంది. పేకాటరాయుళ్ళకి చోటుంది,” అంది ఇసబెల్. “వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని చేపలు కోసేవాళ్ళకి లేదా సార్?”

“అచ్చులో ఉందా?”

“వాళ్ళ మాటలు ఎవరు అచ్చువేస్తారు?”

“అయితే లేదు.”

ఆమె పట్టిన పట్టు విడవలేదు. తనే పత్రికకి ఒక ఉత్తరం రాస్తే సరిపోతుందా అని అడిగింది. ఆ ఆఫీసులో జీతం తీసుకునేవాళ్ళ రాతలు సాక్ష్యానికి పనికిరావని ఆయన నియమాల పుస్తకం తెరిచి మరీ చూపించారు. పేజీ అచ్చుకి వెళ్ళడానికి ఇంకా మూడు వారాలుంది. ఆలోపు బయటివాళ్ళ నుంచి ఏదైనా వస్తే సరే, లేకపోతే అరవై రెండే అని తేల్చేశారు.

“సరే సార్. నేను రాయను,” అంది ఇసబెల్.

మర్నాడే ఊరికి వెళ్ళాలని పన్నెండు రోజులు సెలవు అడిగింది. ఈ పోరు తప్పుతుంది కదా అని ఆయన వెంటనే ఇచ్చేశారు.

ఆరో రోజున టపాలో ఒక కవరు వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. లోపల బకీ రేవులో వెలువడే పత్రిక నుంచి కత్తిరించిన ముక్క, పైన తేదీ. కోర్టు వార్త.

ఫ్లెట్ అనే చేపలమనిషి మేస్త్రీ నెత్తిన పేగుల బకెట్ బోర్లించిందట. ఆమె జట్టులో జ్వరంతో కూలబడ్డ ఒక ఆడమనిషిని అతను అక్కడికక్కడే పనిలోంచి తీసేసి, మిగతా ఇద్దరినీ కానివ్వమన్నాడట. క్షమాపణ చెబితే వదిలేస్తానన్నాడు మేజిస్ట్రేటు. ఆమె ససేమిరా అంది. ఆమె జవాబుని పత్రికవాడు ఉన్నది ఉన్నట్టు వేశాడు.

“మేస్త్రీ మమ్మల్ని మూడు హ్యాండ్లని లెక్కెట్టాడు దొరా. తప్పు. ముగ్గురం కలిస్తేనే ఒక హ్యాండు. ఒకత్తిని తీసేత్తే మిగిలేది ఇద్దరు కాదు, సున్నా. ఆ మాత్రం తెలీనోడికి నేను దణ్ణం ఎట్టను.”

తర్వాత పత్రికవాడి వైపు తిరిగి, సరిగ్గా రాసుకున్నావా అని కూడా అడిగిందట. జరిమానా కడతావా, ఏడు రోజులు జైలుకి వెళ్తావా అంటే జైలే నయమంది.

లారిమర్ ఆ ముక్కని రెండుసార్లు చదివారు. బయటి మనిషి. అచ్చు. తేదీ. పైగా అర్థం విడమరిచి చెప్పింది. ఇంత నికార్సైన సాక్ష్యం పదకొండేళ్ళలో ఆయన చేతికి రాలేదు. ఆ తర్వాత పేరు మీద చూపు ఆగింది. ఫ్లెట్. కూతురి మాట నెగ్గడం కోసం తల్లి జైలుకి వెళ్ళింది. తన నియమమే ఆ పెద్దావిడని జైలుకి పంపింది. ఆ సాయంత్రమే అరవై మూడో అర్థాన్ని చేర్చి, పేజీని అచ్చుకి పంపేశారు.

సెలవు అయిపోయాక ఇసబెల్ వచ్చింది. వేళ్ళ నిండా కత్తిగాట్లు, ఉప్పుకి ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. తల్లి లేని రోజుల్లో ఆవిడ పనికి ఈ పిల్ల వెళ్ళి ఉంటుంది పాపం అనుకున్నారాయన. ఏమీ అడగకుండా అచ్చయిన పేజీ ముందు పెట్టారు. ఆ వేలే పెట్టి ఆమె చివరి అర్థాన్ని అక్షరం అక్షరం చదువుకుంది.

చేతికింది వాళ్ళ ముందు ఎన్నడూ కుర్చీలోంచి లేవని లారిమర్ లేచి నిలబడ్డారు.

“నాదే తప్పు మిస్ ఫ్లెట్. మీ అమ్మగారిని ఒకసారి ఇక్కడికి తీసుకురండి. ఆవిడ జైలుకి వెళ్ళాల్సి వచ్చినందుకు క్షమాపణ చెప్పుకుని, ఈ పేజీ నా చేత్తో ఆవిడకి ఇవ్వాలి.”

“మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది సార్,” అంటూ ఇసబెల్ సెలవుల పుస్తకం సంతకానికి ఆయన ముందుకి జరిపింది. ‘సెలవుకి కారణం’ అన్న గడిలో ఆమె గుండ్రటి దస్తూరీతో ‘ఏడు రోజులు జైలు’ అని ఉంది.