పీచ్ తోటలో పరామర్శ

"సరిహద్దు తలుపులు బార్లా తెరిచావుగా! పో, ఇక మెక్సికోలోనే పోటీ చేసుకో!"

పెట్రోలు బంకులో ఎవడో కారు కిటికీ దించి అరిచి వెళ్ళిపోయాడు. రాయిస్ హాలొవే తల తిప్పలేదు. ఇరవై ఏళ్ళుగా జార్జియాలోని ఈ ప్రాంతం తరఫున వాషింగ్టన్ చట్టసభలో కూర్చున్న మనిషి. నిన్న సొంత పార్టీ టికెట్ కోసం జరిగిన ఎన్నికలోనే, ఎవరూ పేరు వినని ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. దేశంలో ఉండడానికి అనుమతి కాగితాలు లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతున్న వలస కూలీలకు ఆ కాగితాలిచ్చే బిల్లును బలపరిచినందుకే ఈ గతి పట్టిందని టీవీలన్నీ తేల్చేశాయి.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ట్రక్కును డెల్మర్ ప్రూయిట్ పీచ్ తోటకు పోనిచ్చాడు. బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు. 'కూలీలు దొరక్క పళ్ళు చెట్టు మీదే కుళ్ళిపోతున్నాయి, ఏదో ఒకటి చెయ్యరా' అని వాషింగ్టన్ దాకా వచ్చి బతిమాలింది అతనే.

డెల్మర్ వరండాలోంచి దిగి వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

"ఏమైనా తిన్నావా?"

"సహించట్లేదురా."

చల్లటి టీ తెచ్చి చేతికిచ్చాడు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. అంతలో తోట మేస్త్రీ యూసెబియో ఒక బుట్టెడు పళ్ళు తెచ్చి రాయిస్ పక్కన పెట్టి, టోపీ తీసి నిలబడ్డాడు.

"మీ కోసమే సారూ. తూర్పు వరసవి. తియ్యగా ఉంటాయి."

"నన్ను క్షమించు యూసెబియో. నీకు కాగితాలు ఇప్పించలేకపోయాను."

"మీరేం చేస్తారు సారూ! ఈ క్రిస్మస్‌కి ఊరొచ్చి చూస్తానని మా అమ్మకి మాటిచ్చాను. అదే తప్పయిపోయింది." యూసెబియో నవ్వబోయాడు. "వెళ్తే మళ్ళీ ఇటు రానివ్వరు. పెళ్ళాం పిల్లలేమో ఇక్కడ. అయినా అమ్మకిప్పుడు చూపు పోయిందిలెండి. ఎదురుగా ఉన్నా, ఫోన్లో ఉన్నా గొంతేగా వినేది."

టోపీ పెట్టుకుని చెట్లలోకి వెళ్ళిపోయాడు. రాయిస్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇలాంటి మనిషిని ద్వేషించడానికి జనానికి మనసెలా వస్తుందిరా?"

"ద్వేషమా?" డెల్మర్ చివాలున తలెత్తాడు. "ఏ చెట్టుకి ఏ తెగులో వాడికి తెలిసినట్టు నాక్కూడా తెలీదు. మా నాన్న శవపేటికకి భుజం పట్టాడు వాడు. నా తోడబుట్టినవాడు రాలేదు, వాడొచ్చాడు. వాడు లేకపోతే ఈ తోటే లేదురా."

"ఆ మాట నీకు తెలుసు. ఊళ్ళో వాళ్ళకి తెలియదే! నీలాగా ఆలోచించేవాళ్ళు ఇంకో నలుగురున్నా గెలిచేవాణ్ణి."

డెల్మర్ బుట్టలోంచి ఒక పండు తీసి, జేబు కత్తితో తొక్క తియ్యసాగాడు. చాలాసేపు తొక్క తీస్తూనే ఉన్నాడు.

"హైవే పక్కన కొత్తగా కోళ్ళ ఫ్యాక్టరీ వచ్చింది, చూశావా?"

"చూశాను. అయితే?"

"నీడపట్టున పని. జీతం నేనిచ్చేదానికి రెట్టింపు. కాకపోతే కాగితాలున్నవాళ్ళనే తీసుకుంటారు."

రాయిస్‌కి అర్థం కాలేదు.

"మనుషులు కావాలని అడిగానురా నిన్ను. వాళ్ళకి కాగితాలిమ్మన్నానా?" డెల్మర్ పండు ముక్క కోసి అతని చేతిలో పెట్టాడు. "నాలాగా ఆలోచించేవాళ్ళు నలుగురు కాదు, ఈ చుట్టుపక్కల తోటల వాళ్ళమంతా ఉన్నాం రాయిస్. అందుకేరా నువ్వు ఓడిపోయింది."